బిల్లింగ్ కౌంటర్‌లో ఫోన్‌తో కడితే డబ్బు కట్ అయింది, షాపుకి చేరలేదు. మీరైతే ఏం చేస్తారు?

చేతిసంచి (హైదరాబాద్)
మా కాలనీ సూపర్ మార్కెట్ సెల్లార్‌లో ఉంటుంది. పైన ఫుల్ సిగ్నల్, మెట్లు దిగితే ఒక్క గీత. నిన్న నెల సరుకులు తీసుకుని 3,460 బిల్లుకి స్కాన్ చేశా. పిన్ కొట్టాక చక్రం తిరుగుతూనే ఉంది. ఈలోపు బ్యాంక్ నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చేసింది. కౌంటర్‌లో అమ్మాయి మాత్రం "మాకు రాలేదు సార్, మళ్లీ కొట్టండి" అంటుంది. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు మెడలు సాచి చూడటం మొదలుపెట్టారు. జేబులో నోట్లు లేవు. చివరికి సామాను పక్కన పెట్టించి వచ్చేశా. డబ్బు ఇంకా వెనక్కి పడలేదు.
ఇలాంటప్పుడు రెండోసారి కట్టేయాలా, అక్కడే నిలబడి తేల్చుకోవాలా?

లక్ష్మి_హన్మకొండ
వాదించకండి అన్నా, ఆ అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు. మెషిన్‌లో ఏది కనిపిస్తే అదే చెప్తుంది. సామాను అక్కడే పెట్టి రావడమే మంచిది. నేను కవర్ వెనక ఒక 500 నోటు మడిచి పెట్టుకుంటా, ఫోన్ కవర్ అన్నమాట. ఇంటర్నెట్ లేకపోతే *99# డయల్ చేసి కట్టొచ్చు కదా అంటారు గానీ, అందులో ఒక్కో అంకె నొక్కుకుంటూ పోతుంటే వెనక లైన్ వాళ్లు కొడతారు :)

బ్యాంక్‌లో_బతుకు
ఈ ఫిర్యాదులు రోజూ చూసే పని నాది, కాస్త వివరంగా చెప్తా.
ముందు మీ బ్యాంక్ మీ ఖాతాలో కట్ చేస్తుంది, తర్వాత షాపు బ్యాంక్ జమ చేసి "అందింది" అని జవాబు పంపాలి. ఆ జవాబు మధ్యలో ఆగితే మీకు మెసేజ్ వస్తుంది, షాపు మెషిన్‌లో మాత్రం ఏమీ కనిపించదు. డబ్బు ఎక్కడికీ పోదు. అయితే షాపుకి చేరుతుంది, లేదా మీకు తిరిగి వస్తుంది.
దీనికి రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే గడువులు పెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపినది చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి పడాలి. షాపుకి కట్టినది అయితే 5 రోజుల దాకా గడువు. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, బ్యాంకులూ పనిగట్టుకుని చెప్పవు.
యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల నంబర్ ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకోండి, ఫిర్యాదు కూడా అక్కడి నుంచే పెట్టండి. గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని మాత్రం వెతకొద్దు. అక్కడ దొరికే నంబర్లలో దొంగవి బోలెడు.
ఇంకోటి. స్టేటస్ "పెండింగ్" అని ఉన్నంతసేపూ రెండోసారి అదే పద్ధతిలో కట్టకండి. రెండూ పడితే షాపువాళ్ల నుంచి వెనక్కి తీసుకోవడం పెద్ద తలనొప్పి. "ఫెయిల్డ్" అని వచ్చాక కడితే పర్వాలేదు.

చేతిసంచి (హైదరాబాద్)
థాంక్స్ అన్నా. ఇందాకే డబ్బు వెనక్కి పడింది. 100 రూపాయల సంగతి ఇప్పుడే విన్నా.

కొట్టు_బాబాయ్ (తెనాలి)
కౌంటర్‌కి అటువైపు నుంచి చెప్తా. మాది చిన్న కిరాణా కొట్టు. 2016 నోట్ల రద్దప్పుడు గల్లాపెట్టెలో చిల్లర లేక, మా అబ్బాయి పోరు పడలేక స్కానర్ పెట్టించా. మొదట్లో ప్రతి ఒక్కరి ఫోన్ చూడాల్సి వచ్చేది. చేతులకి నూనె, పక్కన సగం కట్టిన పప్పు పొట్లం, ఇంతలో ఎవరో ఫోన్ మొహం మీద పెట్టి "అయిపోయింది బాబాయ్" అనేవాళ్లు. సౌండ్ బాక్స్ వచ్చాకే ప్రాణం కుదుటపడింది. నేను లోపల బియ్యం తూస్తుంటే బయట అది తెలుగులో అరిచి చెప్తుంది. నెలనెలా అద్దె కట్టాలి, అయినా తప్పదు.
కానీ దాన్నే నమ్ముకుంటే కుదరదు. దాంట్లోనూ సిమ్ ఉంటుంది, నెట్‌వర్క్ పోతే అదీ మూగబోతుంది. కాసేపటికి సిగ్నల్ రాగానే ఆగినవన్నీ వరసపెట్టి చదివేస్తుంది. ఏ నలభై ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి.
దొంగ యాప్‌లు ఇంకో గొడవ. ఓ కుర్రాడు నెయ్యి, నూనె ప్యాకెట్లు తీసుకుని ఫోన్ చూపించాడు. పచ్చ టిక్కు, మా కొట్టు పేరు, మొత్తం, టైము అన్నీ ఉన్నాయి. టింగ్ అని శబ్దం కూడా చేసింది. మా బాక్స్ మాత్రం పలకలేదు. "ఒక్క నిమిషం ఆగు బాబూ" అంటుండగానే ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ బండెక్కి వెళ్లిపోయాడు. అప్పటినుంచి తెలిసినవాళ్లయితే ఖాతా పుస్తకంలో రాసుకుని పంపిస్తా, తెలియనివాళ్లయితే నా ఫోన్‌లో జమ కనిపించేదాకా ఆగమంటా. ఇలా అంటే కొందరికి కోపం వస్తుంది. "నన్ను దొంగననుకుంటున్నావా" అంటారు. మీ మొహం చూసి కాదు నాయనా, మీ ముందు వచ్చినవాడి వల్ల.
కొట్లున్నవాళ్లకి ఒక మాట. రాత్రి షట్టర్ దించాక బయటి స్కానర్ మీద తమ ఖాతా స్టిక్కర్ అతికించిపోయే బాపతు ఉన్నారు. పొద్దున తీయగానే అంచుని గోరుతో గీకి చూసుకోండి.
మంచీ ఉంది, కాదనను. రూపాయి చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టి తిట్లు తినే పని తప్పింది.

బ్యాంక్‌లో_బతుకు
బాబాయ్ చెప్పిన స్టిక్కర్ మోసానికి కొనేవాళ్ల వైపు నుంచి ఒక అడ్డుకట్ట ఉంది. 2025 జూన్ 30 నుంచి డబ్బు పంపే ముందు బ్యాంక్ ఖాతాలో ఉన్న అసలు పేరే యాప్‌లో చూపించాలి, ఎవరికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేర్లు కుదరవు. పిన్ కొట్టే ముందు ఆ పేరు పైకి చదవండి. కొట్టు యజమాని పక్కనే ఉంటాడు కాబట్టి అవునో కాదో వెంటనే చెప్తాడు.

పద్మ_విజయవాడ
పేరు కలవనివాళ్లంతా దొంగలనుకోకండి మళ్లీ. మా దగ్గర రైతుబజార్‌లో ఆకుకూరలు అమ్మే మామ్మగారి దగ్గర ఉండేది కొడుకు స్కానర్. ఎవరైనా కొట్టగానే కొంగు ముడి విప్పి బటన్ ఫోన్ తీస్తుంది, కొడుక్కి చేసి "ఇరవై పడ్డాయా?" అని అడుగుతుంది. అతను పనిలో ఉంటే ఎత్తడు. "పడే ఉంటాయిలే అమ్మా, వెళ్లు" అంటుంది, కానీ తోటకూర కట్ట సర్దుతూనే ఇంకోసారి ఫోన్ చూసుకుంటుంది.
ఒకరోజు అడిగా, సాయంత్రానికి లెక్క ఇస్తాడా అని. "అడిగితే ఇస్తాడు" అంది. అంతే, ఆవిడకి నోట్లే ఇస్తున్నా. క్యాష్‌లెస్ గొప్పలు ఎవరెన్ని చెప్పినా, పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్నది ఒకరు, డబ్బు పడేది ఇంకొకరి ఫోన్‌లో.

బ్యాంక్‌లో_బతుకు
ఆవిడ సొంత ఖాతాకే స్కానర్ పెట్టించి ఒక బాక్స్ ఇప్పిస్తే కొడుక్కి ఫోన్ చేసే పని ఉండదు పద్మగారూ. కట్టడానికైతే బటన్ ఫోన్లకీ 2022 మార్చి నుంచి 123పే అనే యూపీఐ సేవ ఉంది.

పద్మ_విజయవాడ
ఆ బాక్స్ అద్దె ఎవరు కడతారండీ? కొడుకుతో ఆ మాట ఎవరు చెప్తారు?

రాగిముద్ద (అనంతపురం టు బెంగళూరు)
ఇక్కడ 2025 జులైలో జరిగింది గుర్తుందా? యూపీఐ జమల లెక్క చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న చిన్న బేకరీలకి, టీ కొట్లకి జీఎస్టీ నోటీసులు పంపింది. రెండు మూడు రోజుల్లో మా వీధిలో స్కానర్లు మాయం. "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని కాగితాలు అంటించారు. ఏటీఎం వెతుక్కుంటూ తిరిగాం.
పన్ను కట్టాల్సినవాడు కట్టాల్సిందే, అందులో సందేహం లేదు. సరుకులమ్మితే ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. కానీ ఖాతాలో పడిన ప్రతి రూపాయీ వ్యాపారం కాదు. చుట్టం తిరిగిచ్చిన అప్పూ అదే ఖాతాలో పడుతుంది. పాలు, కూరగాయల మీద అసలు పన్నే లేదు. సొంత ఖాతా, కొట్టు ఖాతా వేరుగా పెట్టుకోవాలని చాలామందికి నోటీసు వచ్చాకే తెలిసింది.

డల్లాస్_గోదారి
ఇక్కడ అంతా కార్డో ఫోనో మెషిన్‌కి తాకించడమే. పిన్ లేదు, స్కాన్ లేదు. యాపిల్ పే 2014లోనే వచ్చింది. అయినా వాల్‌మార్ట్‌లో మాత్రం తాకిస్తే పనిచేయదు, వాళ్ల సొంత యాప్‌తో స్కాన్ చేయాలి. అదొక్కటే నాకు మన ఊరిలా అనిపిస్తుంది.
అసలు ఇబ్బంది ఇండియా వచ్చినప్పుడు. సంక్రాంతికి వచ్చి చెరుకురసం బండి దగ్గర అమెరికా కార్డు పట్టుకుని నిలబడితే ఏం లాభం? బావమరిది కట్టాడు, ఆ మాట ఇప్పటికీ అంటాడు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇండియా బ్యాంకులు ఇచ్చేవి) ఉన్నవాళ్లు అమెరికా నంబర్‌తోనే యూపీఐ పెట్టుకోవచ్చు. 2023లో మొదట పది దేశాల నంబర్లకి అనుమతి ఇచ్చారు, గల్ఫ్‌లో యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమన్ కూడా అందులో ఉన్నాయి. మీ బ్యాంకూ యాపూ రెండూ ఒప్పుకుంటాయో లేదో ఫ్లైట్ ఎక్కకముందే చూసుకోండి. యూపీఐ పెట్టుకునేటప్పుడు ఆ నంబర్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి కాబట్టి ఆ సిమ్ ఫోన్‌లోనే ఉండాలి.

రిటైర్డ్_మాస్టారు
నేను టీకీ పేపర్‌కీ కూడా ఫోనే వాడతాను. దాంతో పాస్‌బుక్ నిండా 10, 12, 15 తప్ప పింఛను ఎక్కడ పడిందో కనిపించేది కాదు. మనవరాలు యూపీఐ లైట్ పెట్టింది. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒకసారికి 1,000 లోపు పిన్ లేకుండా వెళ్లిపోతుంది. పాస్‌బుక్‌లో లైట్‌లోకి వేసుకున్న మొత్తం ఒక్కటే పడుతుంది. ఇంకో సుఖం, బ్యాంక్ సర్వర్ మొరాయించినా లైట్ చాలాసార్లు పనిచేస్తుంది. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ ఆగినప్పుడు మాత్రం జేబులో నోట్లే ఆదుకున్నాయి.
పిన్ అడగదు కాబట్టి ఫోన్‌కి లాక్ ఉండి తీరాలి.

లక్ష్మి_హన్మకొండ
మాస్టారూ, మా అమ్మకి పిన్ గుర్తుండదు, కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటుంది. చూస్తేనే టెన్షన్. లైట్ చాలా లేక ఇంకేమైనా ఉందా?

బ్యాంక్‌లో_బతుకు
యూపీఐ సర్కిల్ చూడండి లక్ష్మిగారూ, 2024లో వచ్చింది. మీ ఖాతా నుంచి అమ్మగారు కట్టుకునేలా అనుమతి ఇవ్వొచ్చు, నెలకి గరిష్ఠంగా 15,000, ఒకసారికి 5,000. లేదంటే ప్రతిసారీ మీ ఫోన్‌కి అడిగి, మీరు పిన్ కొడితేనే వెళ్లేలా పెట్టుకోవచ్చు. రెండోదైతే ఆవిడ కౌంటర్ దగ్గర ఉన్నప్పుడు మీరు మీటింగ్‌లో ఉండకూడదు మరి.
పనిలో పని, కొత్త ఫోన్ కొన్నవాళ్లు గమనించండి. యూపీఐ కొత్తగా పెట్టుకున్న మొదటి 24 గంటలూ 5,000 మించి వెళ్లదు. ఆ రోజే పెళ్లి చీరలకి బయల్దేరకండి.

రాగిముద్ద (అనంతపురం టు బెంగళూరు)
బాబాయ్, ఒక డౌట్. నా రూపే క్రెడిట్ కార్డు యూపీఐలో కలుపుకున్నా. కొన్ని కొట్లలో పోతుంది, కొన్నిట్లో పోదు. ఎందుకు?

కొట్టు_బాబాయ్ (తెనాలి)
స్కానర్ వ్యాపారం కింద తీసుకున్నదైతేనే క్రెడిట్ కార్డు వెళ్తుంది నాయనా. సొంత నంబర్‌ది పెట్టుకున్న కొట్టులో వెళ్లదు. మామూలు ఖాతా నుంచి కొడితే 2020 జనవరి నుంచి మాకు ఛార్జీ లేదు, క్రెడిట్ కార్డు అయితే కొంత కోసుకుంటారు. మాలాంటి చిన్న కొట్లకి 2,000 లోపు కోత లేదన్నారు గనక నేను అక్కడిదాకా వద్దనను. నూనె డబ్బాలు, బియ్యం బస్తాలు కొనేటప్పుడు మాత్రం మామూలు ఖాతా నుంచే కొట్టండి. బస్తా మీద మాకు మిగిలేదే అంతంతమాత్రం.