అక్కి టీకా రెండో డోసు ఆదిలాబాద్‌కి చల్లదనం చెడకుండా ఎలా తెప్పించాలి?

అందరికీ నమస్కారం. పెద్దాయనకి 68 ఏళ్లు, షుగర్ ఉంది. షింగ్రిక్స్ అనే అక్కి (షింగిల్స్) టీకా మొదటి డోసు హైదరాబాద్‌లో వేయించాం. రెండోది 2 నుంచి 6 నెలల మధ్య పడాలి. ఆలస్యమైనా మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, కానీ అంతదాకా రానివ్వకూడదని మా పట్టుదల.

ఇబ్బందల్లా రవాణాతోనే. పొడి సీసా, ద్రవం సీసా రెండూ 2–8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టినా పారేయాల్సిందే, కాబట్టి ఐస్‌కి నేరుగా ఆనించకూడదు. కలిపాక వెంటనే వేయాలి. ఫ్రిజ్‌లో పెట్టినా 6 గంటలే.

ఆదిలాబాద్‌లో దీన్ని స్టాక్ పెట్టే మందుల షాపు ఎవరికైనా తెలుసా? కరెంటు పోతే వాళ్ల ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ ఉందా? సూది భుజం కండరంలోకే దిగాలి, అలవాటున్న నర్సు ఉంటే చెప్పండి.

ఇంకొకటి. ఇంట్లో పెద్దమ్మకి ఈమధ్యే నడుం పక్కన అక్కి లేచింది. చుట్టాలు కావి పూయించమన్నారు, దానితో వైరస్ తగ్గదు. దద్దురు కనబడిన 72 గంటల్లోపు వైరస్‌ని అణిచే మందు వాలాసైక్లోవిర్ మొదలుపెట్టించాం, కిడ్నీ పరీక్ష చూసే డోసు రాశారు. పొక్కులు మాడాయి, మంట పోలేదు. పొక్కులు పూర్తిగా తగ్గాక టీకా వేయొచ్చు. మీ డాక్టర్లు ఎన్నాళ్లు ఆగమంటున్నారు?