నాన్నగారిని విశాఖపట్నం తీసుకెళ్లాలా, గుణుపురంలోనే ఉండనివ్వాలా?

ప్రశ్న – గుణుపురం వాసి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. తెలుగు ఉపాధ్యాయుడిగా పని చేసి పదవీ విరమణ చేశారు. అమ్మ కాలం చేసినప్పటి నుంచి సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. నేను విశాఖపట్నంలోనూ, చెల్లెలు భువనేశ్వర్‌లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నాము. ఆయనకు పింఛను వస్తుంది, డబ్బుకు లోటు లేదు. వంటమనిషి ఉదయం వచ్చి రెండు పూటలకూ వండి పెట్టి వెళ్తుంది. రాత్రి పూట తప్పకుండా వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాము.

అయినా ఆయన మునుపటి మనిషిలా లేరు. అమ్మ ఉన్న రోజుల్లో సాయంత్రం కాగానే బజారులో ఒక బంగారు నగల దుకాణం అరుగు మీద ఆయనా, మరో నలుగురు స్నేహితులూ కూర్చునేవారు. ఊళ్లో ఎవరికి పింఛను దరఖాస్తు రాయాలన్నా, తహసీల్దారు కచేరీకి అర్జీ పెట్టుకోవాలన్నా, ఒడియాలోనైనా తెలుగులోనైనా రాసిపెట్టమని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ స్నేహితుల్లో ఇద్దరు పోయారు, ఒకరు పిల్లల దగ్గరికి బరంపురం వెళ్లిపోయారు. రోడ్డు పక్క కాలువ కట్టేటప్పుడు అరుగు కూడా తీసేశారు. దరఖాస్తులన్నీ ఇప్పుడు ఆన్‌లైన్ సెంటర్లలోనే పెడుతున్నారు కనుక ఆ పని మీద ఇంటికి వచ్చేవారు లేరు. ఇప్పుడు ఆయన రోజంతా టీవీ ముందే గడుపుతున్నారు. దాని శబ్దం వీధి చివరికి వినిపిస్తుందని పక్కింటివారు చెప్పారు. ఫోన్‌లో “భోజనం అయిందా?” అని అడిగితే “ఆ, బాగానే ఉన్నాను” అంటారు. రెండోసారి అడిగితే విసుక్కుంటారు.

నేను అడగదలచుకున్నవి రెండు. ఒంటరితనం వల్ల నిజంగానే ఆరోగ్యం చెడుతుందా, లేక వయసు మీద పడినవారు సహజంగా ఇలాగే ఉంటారా? విశాఖపట్నంలో మేము ఉండేది అపార్టుమెంటు అయిదో అంతస్తులో. భార్యాభర్తలిద్దరం తొమ్మిదికి బయలుదేరి రాత్రి ఏడింటికి ఇంటికి చేరుతాము. ఆయనను అక్కడికి తీసుకురావడం మంచిదా? తీసుకెళ్తానంటే “ఇక్కడైతే వీధిలో వెళ్లేవాళ్లెవరో నాకు తెలుసు” అంటున్నారు.

జవాబు – విశ్రాంత నర్సు, రాయగడ

బాబూ, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. ఒంటరితనం ఆరోగ్యాన్ని నిజంగానే చెరుపుతుంది. ఇది మన ఇళ్లలో పెద్దవాళ్లు అనుకునే మాట మాత్రమే కాదు, లెక్కలతో తేలిన సంగతి. జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ అనే అమెరికన్ పరిశోధకురాలు తన సహచరులతో కలిసి 2010లో 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. మొత్తం మూడు లక్షల మందికి పైగా ఉన్న ఆ అధ్యయనాలలో, నలుగురితో గట్టి సంబంధాలు ఉన్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం, అవి లేనివారికన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో దీని మీద ప్రత్యేక కమిషన్‌ను నియమించింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు, దాని కారణంగా ఏటా 8,71,000 మందికి పైగా మరణిస్తున్నారని అంచనా.

ఇది శరీరాన్ని ఎలా దెబ్బతీస్తుందని మీరు అడగవచ్చు. ఎవరూ లేరన్న దిగులు చాలాకాలం ఉంటే ఒత్తిడికి సంబంధించిన హార్మోన్లు అదుపు తప్పుతాయి, నిద్ర పలచబడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. దీనికి తోడు నేను వార్డులో ఎన్నోసార్లు చూసినది మరొకటి ఉంది. పక్కన మనిషి లేని పెద్దవారు పొద్దున వండినది అలాగే ఉంచి, కాసింత మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో వారికే గుర్తుండదు. కాలు వాచినా, మూత్రంలో మంట ఉన్నా “ఎవరితో చెప్పుకోను” అని ఊరుకుంటారు. రోజూ చూసే మనిషి ఉంటే “ఏమిటి మాస్టారూ, మొహం పీక్కుపోయింది?” అని అడుగుతారు. ఆ ఒక్క మాటతో వారం ముందే ఆసుపత్రికి వచ్చి బాగుపడినవారు ఉన్నారు.

అయితే ఒక్కరే ఉండడం వేరు, ఒంటరితనం వేరు. ఇంట్లో ఒక్కరే ఉంటూ హాయిగా ఉండేవారు ఉన్నారు, పదిమంది మధ్యలో ఉండి కుమిలిపోయేవారూ ఉన్నారు. కాబట్టి ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న లెక్క కన్నా, ఆయన కోసం ఎవరు ఎదురు చూస్తున్నారు, ఆయన చేత ఎవరికి ఏ పని పడుతోంది అన్నది ముఖ్యం. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించిన వాక్యం అర్జీలు రాయించుకునేవారు రావడం మానేశారన్నదే. స్నేహితులతో పాటు ఊళ్లో తన అవసరం కూడా పోయిందని ఆయనకు అనిపించి ఉంటుంది.

ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆయన చెవులు పరీక్ష చేయించండి. టీవీ శబ్దం వీధి చివరికి వినిపించడం, భోజనం సంగతి అడిగితే బాగున్నానని చెప్పడం, రెండోసారి అడిగితే విసుక్కోవడం, ఇవన్నీ కలిపి చూస్తే ఆయనకు వినికిడి తగ్గిందనే నాకు అనిపిస్తోంది. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా సన్నని స్వరాలు పోతాయి. అందుకే ఆడవారి మాటలు, పిల్లల మాటలు ముందుగా అర్థం కాకుండా పోతాయి. మాట వినిపిస్తుంది గాని ఏమన్నారో తెలియదు. ప్రతిసారీ “ఏమిటీ?” అని అడగడం చిన్నతనంగా తోచి, పెద్దవారు క్రమంగా నలుగురిలోకి వెళ్లడం మానుకుంటారు. మతిమరుపు వ్యాధులపై లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మనం మార్చుకోగలిగిన పద్నాలుగు కారణాలలో వినికిడి లోపమూ ఉంది, మనుషులకు దూరం కావడమూ ఉంది. చాలా ఇళ్లలో మొదటిది రెండోదానికి దారి తీస్తుంది.

దానితో పాటు థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా చేయించండి. అవి తగ్గినా మనిషి ఇలాగే మందకొడిగా అవుతారు. బరువు తగ్గిపోతున్నా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోయినా, “ఇంకెందుకు బతకడం” అన్న మాట ఒక్కసారి నోట వచ్చినా మాత్రం దానిని వయసుకు ముడిపెట్టి ఊరుకోవద్దు. అది మనోవ్యాకులత (డిప్రెషన్) కావచ్చు, దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

జవాబు – పర్లాకిమిడి కోడలు

నర్సమ్మగారు ఆరోగ్యం సంగతి చెప్పారు కనుక నేను ఊరి సంగతి చెప్తాను. మా అత్తగారికి ఎనభై దాటాయి. మావయ్యగారు పోయాక ఆవిడ గడప దాటడం మానేశారు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పమంటే చెప్పేవారు కారు. కార్తిక మాసం ముందు మా వీధి రామాలయానికి వత్తులు కావాలని పూజారిగారు ఆవిడను ఉద్దేశించి కబురు పంపారు. ఆ కబురు వచ్చిన మర్నాడే ఆవిడ పెట్టె అడుగు నుంచి పత్తి తీసి, గింజలు ఏరి, మోకాలి మీద గుడ్డ పరచుకుని వత్తులు చేయడం మొదలుపెట్టారు. ఒక్కరే చేస్తే సరిపోదని ఎదురింటి ఆవిడ వచ్చారు, తర్వాత వెనక వీధి నుంచి ఇద్దరు వచ్చారు. అందులో ఒకరు ఒడియావారు. ఆవిడకు తెలుగు ముక్కలుముక్కలుగా వస్తుంది, మా అత్తగారికి ఒడియా అంతే వస్తుంది. అయినా మధ్యాహ్నం మూడు నుంచి దీపాలు పెట్టే వేళ దాకా వారి మాటలకు అడ్డు ఉండదు. కార్తికం వెళ్లిపోయినా ఆ కూర్చోవడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు చింతపండు గింజలు తీయడం, అప్పడాలు ఒత్తడం, ఎవరింట్లో పని ఉంటే వారింట్లో కూడుతున్నారు.

కాలక్షేపానికి రమ్మంటే రాని పెద్దవారు పనికి రమ్మంటే వస్తారని నా గట్టి నమ్మకం. ముఖ్యంగా మగవారి విషయంలో ఇది మరీ నిజం. ఆడవారికి కూరగాయల దగ్గరో, గుడి దగ్గరో మాట కలుస్తుంది. ఉద్యోగం చేసి వచ్చిన మగవారికి ఆ ఉద్యోగంతోనే సగం పరిచయాలు పోతాయి, మిగిలిన సగం భార్య ద్వారా నడుస్తాయి, ఆవిడ పోతే అవీ తెగిపోతాయి.

మీ నాన్నగారు తెలుగు మాస్టారు కదా. మన సరిహద్దు ఊళ్లలో ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ, ఒడియా లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతూ, తెలుగు అక్షరం గుర్తు పట్టలేని పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. వంశధార అవతల శ్రీకాకుళం జిల్లాలో ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు ఒక పెళ్లి శుభలేఖ పంపితే దాన్ని మన పిల్లలు చదవలేకపోతున్నారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు ఉపాధ్యాయుడిగా పని చేసిన మా పర్లాకిమిడిలోనే పరిస్థితి ఇలా ఉంది. వీధిలో నలుగురు పిల్లలకు సాయంత్రం గంటసేపు అక్షరాలు దిద్దించమని నాన్నగారిని అడగండి. ఆ అడగడం కూడా మీరు కాక, ఆ పిల్లల తల్లిదండ్రులు ఇంటికి వచ్చి అడిగితే మంచిది. కొడుకు అడిగితే తనను ఏదో పనిలో పెట్టడానికి అడుగుతున్నాడని పెద్దవారు ఇట్టే గ్రహిస్తారు.

జవాబు – బల్లార్షా నుంచి

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా. మా నాన్నగారు బొగ్గు గనిలో పని చేశారు. క్వార్టర్లలో ఉన్నంత కాలం చుట్టూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే ఉండేవారు, బతుకమ్మకు కాలనీ అంతా ఒకచోట చేరేది. పదవీ విరమణ కాగానే క్వార్టరు ఖాళీ చేయాలి కనుక ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు ఒక్కసారిగా తలొక దిక్కుకూ చెదిరిపోయింది. మేము ఆయనను నాగపూర్ తీసుకువెళ్లాము.

పై ఇద్దరూ ఊళ్లో ఉంచడం వైపు మొగ్గుతున్నట్టు కనిపిస్తోంది గాని, తరలించడం ఎప్పుడూ చెడ్డదని అనుకోవద్దు. మా నాన్నగారు అక్కడ కుదురుకున్నారు. మేముండేది కింది అంతస్తు, గేటు దాటితే పార్కు. గనిలో నేర్చుకున్న మరాఠీ ఉంది కనుక ఉదయం నడకలోనే జతలు కుదిరాయి. అదే పై అంతస్తయి, ఎవరైనా తోడు వస్తే తప్ప కిందికి దిగలేని పరిస్థితి అయితే మరోలా ఉండేది. మీరు చెప్పినదాన్ని బట్టి పగలు పది గంటలు ఆయన తాళం వేసిన ఫ్లాటులో ఉంటారు. వీధిలో వెళ్లేవారెవరో తెలుసునని ఆయన అన్న మాటకు విలువ ఇవ్వండి. కావాలంటే ముందు ఒక నెల ఉండి చూడమనండి, గుణుపురం ఇల్లు మాత్రం అద్దెకు ఇవ్వకండి, అమ్మకండి. వెనక్కి రావడానికి దారి ఉందని తెలిస్తేనే పెద్దవారు కొత్త చోట మనసు పెడతారు.

గుణుపురం వాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతానికి తరలించే ఆలోచన పక్కన పెట్టాను. శనివారం రైలులో వెళ్లి, చెల్లెలు కూడా వచ్చాక ఆయనను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తాము. మా వీధిలో ఇద్దరు పిల్లల తల్లులతో ఫోన్‌లో మాట్లాడాను, వారే వచ్చి అడుగుతామన్నారు. ఒకటే సందేహం. ఆయన స్నేహితుల్లో ఒకరు చెవి మిషన్ కొనుక్కుని, గోల భరించలేక పెట్టెలో పెట్టేశారు. అది చూసి నాన్నగారు మిషన్ పేరెత్తితేనే వద్దంటారు. నర్సమ్మగారూ, ఏం చేయమంటారు?

విశ్రాంత నర్సు, రాయగడ

బాబూ, ముందు గుబిలి ఉందేమో చూపించండి. కొందరికి దాన్ని తీయించగానే సగం బాధ తీరుతుంది. తర్వాత ఆడియోమెట్రీ పరీక్ష చేయించాలి. దుకాణంలో ఉన్నదేదో కొని తగిలిస్తే గోలే మిగులుతుంది. ఏ స్వరాలు ఎంత తగ్గాయో పరీక్షలో తేలాక, దానికి సరిపడేలా మిషన్‌ను అమర్చాలి.

పెట్టుకున్న మొదటి రోజే బజారుకు తీసుకువెళ్లవద్దు. ఏళ్ల తరబడి వినని గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా వినిపించేసరికి ఎవరికైనా చిరాకు కలుగుతుంది. ఇంట్లో టీవీ కట్టేసి, ఒక్క మనిషితో ఎదురెదురుగా కూర్చుని గంటసేపు మాట్లాడడంతో మొదలుపెట్టి, మెల్లగా సమయం పెంచాలి. చెవి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మిషన్ అమర్చినవారి దగ్గరికి మళ్లీ వెళ్లి శబ్దం సరిచేయించుకోవలసి వస్తుంది, ఆ ప్రయాణాలకు ఎవరు తోడు వెళ్తారో ముందే అనుకోండి. మీ అన్నాచెల్లెళ్లు కూడా ఫోన్‌లో అరవకుండా, మొహం వెలుతురులో కనిపించేలా కూర్చుని నిదానంగా మాట్లాడండి. పెదవుల కదలిక చూసి ఆయన సగం అందుకుంటారు.

ఇది చదివే మరెవరింట్లోనైనా డబ్బుకు ఇబ్బంది ఉంటే, 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద తక్కువ ఆదాయం ఉన్న అరవై దాటినవారికి చెవి మిషన్లు, చేతికర్రలు, కళ్లజోళ్లు ఉచితంగా ఇస్తారు. మీ జిల్లాలో శిబిరం ఎప్పుడు పెడతారో కలెక్టరు కార్యాలయంలోని సామాజిక భద్రత విభాగంలో అడగండి. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి.