మెడుసా చేతిలో పెర్సియస్ తల: న్యాయమా, కథని పాడుచేయడమా?

సిక్కోలు చిన్నోడు:
గ్రీకు పురాణాల్లో మెడుసా అంటే జుట్టంతా పాములు, ఆమె మొహం చూసినవాళ్ళు రాయైపోతారు; ఆమె తల నరికిన వీరుడు పెర్సియస్. ఈ మధ్య ఎక్కడ చూసినా మెడుసా పాపం మంచిది, పెర్సియస్ విలన్. దీనికి పరాకాష్ఠ న్యూయార్క్ విగ్రహం. 2020 అక్టోబరులో మన్‌హాటన్ క్రిమినల్ కోర్టు ఎదుటి పార్కులో పెట్టారు, కొన్ని నెలలు ఉంచి తీసేశారు. ఏడడుగుల కంచు మెడుసా, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో పెర్సియస్ తల. లూచియానో గర్బాటి అనే శిల్పి 2008లోనే ఈ బొమ్మ చేశాడు, లైంగిక వేధింపుల మీద ఆడవాళ్ళు గొంతెత్తిన మీటూ రోజుల్లో ఫొటోలు వైరల్ అయ్యాయి, లైంగిక దాడి కేసులో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ విచారణ జరిగింది ఆ కోర్టులోనే కాబట్టి అక్కడ పెట్టారు. అంతవరకు ఓకే. అసలు పెర్సియస్ ఏం చేశాడని వాడి తల నరికారు? సెరిఫోస్ అనే దీవి రాజు పాలిడెక్టీస్ పెర్సియస్ తల్లి డానయే మీద కన్నేశాడు, కొడుకు అడ్డంగా ఉన్నాడని మెడుసా తల తెమ్మని పంపాడు, తిరిగి రాడులే అని. వీడు ఆ తల తెచ్చి రాజునే రాయిని చేసి తల్లిని కాపాడుకున్నాడు. ఆడమనిషిని బలవంతం నుంచి కాపాడినవాడి తల నరికి ఆడవాళ్ళకి న్యాయం అంటున్నారు! కథ చదవకుండా విగ్రహాలు పెడితే ఇలాగే ఉంటుంది.

వెన్నెల_ఎల్‌ఎల్‌బీ:
చిన్నోడు గారూ, కథ చదివారు సరే, సగమే చదివారు. మెడుసా ఒకప్పుడు అందగత్తె, సముద్ర దేవుడు పొసైడన్ ఆమెను అథీనా దేవత గుడిలోనే చెరిచాడు, అథీనా వాణ్ణి ఏమీ అనకుండా ఈమె జుట్టును పాములు చేసింది. తర్వాత ఒక కుర్రాడు వచ్చి నిద్రపోతున్న మనిషి తల కోసుకుపోతే వాడు హీరో. ఇటలీలోని ఫ్లోరెన్స్ నడిబొడ్డున చెల్లీని అనే శిల్పి చేసిన పెర్సియస్ విగ్రహం 1554 నుంచి ఉంది, తెగిన తల చేత్తో పైకెత్తి, ఆమె మొండెం మీద కాలు పెట్టి. దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగేటప్పుడు ఎవరికీ అన్యాయం కనిపించదు, తలలు అటూ ఇటూ మారేసరికి సంప్రదాయం గుర్తొచ్చింది.

అటక_మీది_పుస్తకం:
ఇద్దరూ చెప్పింది కథలో ఉన్నదే, కాకపోతే ఒకే కథలోది కాదు, గొడవంతా అక్కడే వస్తోంది.

వరసలో చూద్దాం. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియడ్ రాసిన దాంట్లో మెడుసా గోర్గాన్‌లు అనే ముగ్గురు రాక్షస అక్కచెల్లెళ్ళలో ఒకతి, ఇద్దరికి చావు లేదు, ఈమెకు ఉంది. పొసైడన్ ఆమెతో పడుకున్నది మెత్తటి పచ్చికలో, వసంతకాలపు పూల మధ్య. గుడి లేదు, శాపం లేదు. తల తెగాక మెడలోంచి పెగాసస్ అనే రెక్కల గుర్రం, క్రైసోర్ అనే వాడు పుట్టుకొస్తారు. గ్రీసులోని కోర్ఫూ దీవిలో ఆర్టెమిస్ దేవత గుడి ముఖభాగం మీద క్రీ.పూ. 580 ప్రాంతం నాటి గోర్గాన్ ఉంది, మనిషి కంటే ఎత్తు, గుడ్లురుముతూ, నాలుక బయటపెట్టి, నడుముకి పాములు ముడేసుకుని. జాలిపడాలని చెక్కింది కాదది, గుడి వైపు చెడు చూపు పడకుండా కాపలా.

అలాగని అందమైన మెడుసాని మనవాళ్ళు నిన్న మొన్న కనిపెట్టారనుకోకండి. గ్రీకు కవి పిండార్ క్రీ.పూ. 490లోనే ఆమెవి అందమైన చెక్కిళ్ళు అన్నాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 450-440 నాటి మట్టి కూజా ఒకటుంది, దాని మీది బొమ్మ పాలిగ్నోటస్ అనే చిత్రకారుడు గీశాడంటారు. కోరలు, నాలుక ఏమీ లేవు, మామూలు ఆడపిల్ల మొహం, కళ్ళు మూసుకుని హాయిగా పడుకుని ఉంటుంది, రెక్కలుంటాయి కాబట్టి మెడుసా అని తెలుస్తుంది. పెర్సియస్ ఆమె జుట్టు పట్టుకుని మెడ మీద కొడవలి పెట్టాడు గానీ మొహం అటు తిప్పుకుని అథీనా వైపు చూస్తున్నాడు. అథీనా పక్కనే తాపీగా నిలబడి ఉంది. ఆ కుండ చూసినవాడికి మెడుసా మీద జాలి కలగకుండా ఉండదు, దానికి మీటూ దాకా ఆగక్కర్లేదు.

ఇక వెన్నెల గారు చెప్పిన గుడి కథ ఓవిడ్ అనే కవిది. ఆయన రోమన్, రాసింది లాటిన్‌లో, అదీ క్రీ.శ. 8 ప్రాంతంలో, హెసియడ్ తర్వాత ఏడు వందల ఏళ్ళకి. కాబట్టి "అసలు గ్రీకు కథ ఇదీ" అని ఇద్దరూ అనకండి. కొత్తగా కథ మార్చడం నాకు అభ్యంతరం లేదు, వాళ్ళూ మార్చుకుంటూనే వచ్చారు. మార్చి, పాతదే ఇది అని దబాయిస్తేనే ఒళ్ళు మండుతుంది. ఇన్‌స్టాలో తిరుగుతున్న ముక్క ఒకటుంది, అథీనా మెడుసాని కాపాడటానికే పాములిచ్చిందట, ఇక ఏ మగాడూ దగ్గరికి రాకుండా. ప్రాచీన రచనల్లో ఎక్కడా లేదది. ఓవిడ్ అయితే స్పష్టంగా శిక్ష అనే రాశాడు.

బిర్యానీ_బాబాయ్:
ఇవన్నీ నాకు తెలీవు గానీ వెర్సాచే కంపెనీ ఫ్యాషన్ బెల్టు మీద ఉన్నది ఈవిడేనా? డూప్లికేటు కొన్నా, ఇంతవరకు ఎవరూ రాయి అవ్వలేదు

వెన్నెల_ఎల్‌ఎల్‌బీ:
బాబాయ్ 😄 ఈవిడే.

అటక గారూ, శిక్ష అనే రాశాడు, ఒప్పుకుంటా. కానీ ఓవిడ్‌లో ఆ కథ ఎవరు చెబుతారో చూశారా? పెర్సియస్సే చెబుతాడు! ఆండ్రోమెడాతో పెళ్ళి విందులో కూర్చుని ఉంటే అతిథి ఒకడు అడుగుతాడు, అక్కచెల్లెళ్ళలో ఈమె ఒక్కదానికే జుట్టులో పాములెందుకని. భలే మంచి ప్రశ్న అడిగావని మొదలెట్టి పది పన్నెండు పాదాల్లో ముగించేస్తాడు. గుడిలో జరుగుతుంటే దేవత మొహం తిప్పేసుకుని డాలు అడ్డం పెట్టుకుంది, తర్వాత నేరానికి శిక్ష పడకుండా పోకూడదని జుట్టు మార్చింది, అని. శిక్ష ఎవరికి పడిందో చూడండి. చంపినవాడే చనిపోయినామె సంగతి విందులో కబుర్లలా చెబుతున్నాడు, ఆమె నోట ఒక్క మాట లేదు. వాంగ్మూలం ఇలా ఉంటే ఏ కోర్టయినా పట్టించుకుంటుందా? గర్బాటి విగ్రహం ఆ ఖాళీలోంచే వచ్చింది.

తెనాలి_తాత:
అమ్మాయీ, అహల్య కూడా ఇంతే కదా. వాల్మీకి బాలకాండలో ఆమె వచ్చినవాడు ఇంద్రుడని తెలిసే ఒప్పుకుంటుంది, శాపం కూడా రాయి కమ్మని కాదు, బూడిదలో పడి గాలి తిని ఎవరికీ కనపడకుండా ఉండమని. మనందరికీ తెలిసిన మోసపోయిన అహల్య, రాతి అహల్య తర్వాత కథల్లోంచి వచ్చాయి. ఇవాళ ఎవరైనా వాల్మీకిది చెబితే మొదట కొట్టడానికి వచ్చేది మనవాళ్ళే. మెడుసాకి ఆ బాధ లేదు, పూజించేవాళ్ళు లేరు కాబట్టి ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు, బెల్టు మీద కూడా వేసుకోవచ్చు. నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

సిక్కోలు చిన్నోడు:
తాతగారూ, నమ్మేవాళ్ళు లేరు కాబట్టి ఏమైనా చేయొచ్చు అంటే నేను ఒప్పుకోను. పెర్సియస్ తరఫున మాట్లాడేవాడు లేడని వాణ్ణి రేపిస్టు స్థానంలో నిలబెట్టేశారు. అటక గారు చెప్పిన కుండలో కూడా వాడు మొహం తిప్పుకునే ఉన్నాడు కదా, సంతోషంగా ఏమీ చేయట్లేదు. చూస్తే రాయి అవుతాడనే తిప్పుకున్నాడంటారేమో, కళ్ళు మూసుకున్న మనిషిని చూస్తే రాయి ఎలా అవుతాడు?

ఇంకోటి, ఆ విగ్రహం చేసింది మగాడు. సన్నటి నడుము, ఒంటి మీద నూలుపోగు లేదు. ఇది ఆడవాళ్ళ కోపమా, మగాడు ఊహించుకున్న ఆడవాళ్ళ కోపమా? ఈ మాట అప్పట్లో చాలామంది ఆడవాళ్ళే అన్నారు.

వెన్నెల_ఎల్‌ఎల్‌బీ:
నగ్నత్వం గురించి మీతో వంద శాతం ఏకీభవిస్తా. చెల్లీనికి జవాబు కాబట్టి అలా చేశాడని సర్దిచెప్పొచ్చు, ఆ పెర్సియస్ ఒంటి మీదా బట్టల్లేవు. అయినా నాకు నచ్చలేదు. నాకు నచ్చింది ఆమె నిలబడిన తీరు. తలను విజయంలా పైకెత్తదు, చెయ్యి కిందికి దించేసి ఉంటుంది, చూపు సూటిగా ఎదురుగా. చెల్లీని చేసిన పెర్సియస్ తలను ఊరందరికీ చూపించుకుంటున్నాడు, ఈమెకి ఆ అవసరం లేదు.

సిక్కోలు చిన్నోడు:
నిలబడిన తీరు ఓకే అండీ. చేతిలో ఉన్నది పొసైడన్ తల అయ్యుంటే నేను ఈ పోస్టే పెట్టేవాణ్ణి కాదు.

అటక_మీది_పుస్తకం:
పొసైడన్ దేవుడు, చావు లేనివాడు, తల తెగదు. అక్కచెల్లెళ్ళిద్దరికీ తెగదు, అథీనాకి అంతకన్నా తెగదు. ఈ కథ మొత్తంలో తెగే తలలు మెడుసాది, పెర్సియస్‌ది, ఆ రాజుది, అంతే. శిల్పికి మాత్రం ఛాయిస్ ఎక్కడుంది?

బిర్యానీ_బాబాయ్:
రాజు తల ఖాళీగానే ఉందిగా, అది పెట్టాల్సింది