లండన్‌లో కాస్క్ ఏల్: ఏ వేళకి వెళ్తే మంచిది?

లండన్‌లో ఒక సాయంత్రం కాస్క్ ఏల్ (పీపాలోనే పులిసి, చేతి పంపుతో పోసే బీరు) కోసమే పెట్టుకున్నాం, నలుగురం. అనుకున్నవి రెండు పబ్బులు: కోవెంట్ గార్డెన్ దగ్గర హార్ప్, బ్లూమ్స్‌బరీలో ల్యాంబ్. బార్ మీద విక్టోరియా కాలపు తిరిగే గాజు తలుపులున్న ల్యాంబ్‌ని వదలబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ముందు వేళ సంగతి. ఈ ఏల్ వచ్చే ఫిర్కిన్ అనే చిన్న పీపా అంటే 9 గ్యాలన్లు, 72 పింట్లు. తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. బీరు తగ్గేకొద్దీ లోపలికి గాలి చేరి, రుచి చప్పబడి, ఆనక వెనిగర్ పులుపు తిరుగుతుంది. అందుకే బేరం బాగా సాగే పబ్బే మేలు. కానీ తలుపు తీయగానే వెళ్తే రాత్రంతా పైపులో నిలిచిన బీరే గ్లాసులోకి రావచ్చు, బార్‌వాళ్లు ముందే లాగి పారబోయకపోతే. శుక్రవారం సాయంత్రమా, ఆఫీసులు వదిలిన జనంతో నిలబడే చోటుండదు. మంగళ, బుధవారాల్లో నాలుగింటికి ఎలా ఉంటుంది?

రెండోది, మాలో ఒకరు పక్కా శాకాహారి. ఏల్ తేరడానికి చాలా కాస్కుల్లో వేసే ఐసింగ్లాస్ చేప గాలితిత్తి నుంచి తీస్తారు. అది కలపని ఏల్ ఏదో పంప్ క్లిప్ (పంపు పిడికి తగిలించే బీరు పేరు బిళ్ల) మీద రాసి ఉంటుందా, అడిగి తెలుసుకోవాలా? కలపనిది మసకగా ఉండొచ్చు, అది పాడైనట్టు కాదు. పులుపు వాసన కొడితేనే వెనక్కిచ్చేది.

ఇంకోటి, 568 మిల్లీలీటర్ల పింట్ బదులు మూడో వంతు గ్లాసులు ఈ రెండు చోట్లా పోస్తారా? నాలుగు రకాలు రుచి చూడాలంటే అదే దారి. 11 నుంచి 13 డిగ్రీల్లోనే ఇస్తారని, ఐస్ అడగొద్దని మావాళ్లకి ముందే చెప్పేశాను.