జపాన్ చెక్క అచ్చు: మూడో రంగు దగ్గరే గీత దాటుతోంది

మైలాపూర్‌చెక్క:
జపాన్ చిత్రకారుడు హిరోషిగె వేసిన కంబరా ఊరి మంచు రాత్రి బొమ్మని చిన్న సైజులో వేస్తున్నాను. కోజో (మల్బరీ జాతి నార) కాగితం, బర్చ్ ప్లైవుడ్, ట్యూబు వాటర్‌కలర్. నల్ల గీతల చెక్క, మొదటి బూడిదరంగు బాగానే పడ్డాయి. మూడో చెక్కకొచ్చేసరికి బొమ్మ కుడి అంచున రంగు గీత దాటి 1 మిల్లీమీటరు బయటికి పోతోంది. ఎడమవైపు సరిగ్గానే ఉంది. పైగా నువ్వులు చల్లినట్టు తెల్ల చుక్కలు. తప్పెక్కడ?

కెంతోగాడి:
ఎడమ కుదిరి కుడి తప్పిందంటే కాగితాన్ని ప్రతిసారీ ఒకేచోట ఆనించే గాళ్లు సరిగ్గానే కోశారు, కాగితమే ముడుచుకుంటోంది. చెక్క మీద కగి అనే ఎల్ ఆకారపు గాడి కుడి కింది మూలన ఉంటుంది. అచ్చు తిరగబడుతుంది కాబట్టి బొమ్మలో అది ఎడమ మూల. కాగితం అక్కడ ఆనుకుని ఆరేకొద్దీ అవతలి అంచు లోపలికి జరుగుతుంది. అంతటా ఒకేలా తప్పితే మాత్రం గాడిదే తప్పు. స్కేలుతో కొలిచి కోసేవాళ్లకి అలాగే అవుతుంది. గీతల చెక్కని గాడి గుర్తులతో సహా పల్చటి కాగితం మీద అచ్చేసి, దాన్నే బోర్లా అంటించి రంగు చెక్క చెక్కాలి.

ఫ్యాన్ ఆపండి. చెన్నై గాలిలో ఎంత తేమున్నా ఫ్యాన్ కింద కాగితం ఇట్టే ఆరిపోతుంది. ముందురోజు రాత్రి తడి న్యూస్‌ప్రింట్ల మధ్య పేర్చి, ప్లాస్టిక్ చుట్టి, బరువు పెట్టండి. పొద్దున ఒక్కొక్కటే బయటికి తీయండి, పని కాగానే మళ్లీ లోపలికి.

చుక్కల్ని జపాన్‌వాళ్లూ నువ్వుల పేరుతోనే పిలుస్తారు: గోమాజురి. కావాలని వేసేవాళ్లూ ఉన్నారు. మీకొద్దంటే రంగుతోపాటు బియ్యప్పిండి బంక బఠాణీ గింజంత చెక్క మీద వేసి బ్రష్‌తో కలిపి పరవండి, బారెన్ (కాగితం వెనక రుద్దే గుండ్రటి దిమ్మ) గట్టిగా నొక్కండి. బంక ఎక్కువైతే చెక్కిన సన్న సందులు పూడిపోతాయి.

నీలిఅల:
తడి కాగితం రెండు రోజులు దాటితే ఇక్కడ బూజు ఖాయం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక బొమ్మ సంగతి. కంబరాలో మంచు చాలావరకు వట్టి కాగితమే, ఎంపిక మంచిదే. కష్టమంతా ఆకాశంలోని బొకాషిలో, అంటే ముదురు నుంచి లేతకి రంగు మెల్లగా కరిగిపోయేలా వేయడంలో. చెక్క మీద ఆ భాగాన్ని తడిగుడ్డతో తుడిచి, బ్రష్‌కి ఒక కొసనే రంగు పెట్టి అడ్డంగా లాగాలి. నీళ్లు ఎక్కువైతే రంగు పాకి గీతలోకి దిగుతుంది. ఈ బొమ్మకి రెండు రకాల అచ్చులున్నాయి: నలుపు ఒకదాంట్లో ఆకాశం పైన, ఇంకోదాంట్లో కింద. ఏదో ఒకటి ముందే తేల్చుకోండి.

తర్వాత ఇంకో జపాన్ చిత్రకారుడు హొకుసాయి వేసిన పెద్ద అల బొమ్మ మీదికి మనసు పోతుంది, అందరికీ పోతుంది. ఆ అలలోని గోళ్లలాంటి నురగని ప్లైవుడ్‌లో చెక్కితే పై పొర లేచిపోతుంది. ఉతమారో అనే చిత్రకారుడు వేసిన అందగత్తెల నుదుటి వెంట్రుకల జోలికి అసలే పోకండి. వాటికి చెర్రీ కలపే కావాలి.