మొదటి చేతి తుపాకీ: ఏది కొనాలి, పాతపట్నం దాటేటప్పుడు వెంట ఉండొచ్చా?

జీడిపప్పు_పర్లాకిమిడి
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, జీడిపప్పు వ్యాపారం. రెండేళ్ళు తిరిగితే మొన్న తుపాకీ లైసెన్సు చేతికొచ్చింది. పాయింట్ 32 బోరు (తూటా సైజు), రివాల్వర్ గానీ పిస్టల్ గానీ కొనుక్కోవచ్చు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి, చీకటి పడ్డాక డబ్బుతో వెనక్కి వస్తుంటాను. ఆరు నెలల కిందట టెక్కలి దాటిన దగ్గర్నుంచి బైకు మీద ఇద్దరు వెంటపడ్డారు. ఒక ధాబా దగ్గర కారు ఆపి బయటపడ్డాను. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. మొదటిసారి కొనేవాడికి ఏది మంచిది? రోజూ నడుముకి పెట్టుకుని తిరగాలా, ఇంట్లో ఉంచుకోవాలా? ఇంట్లో ఏడేళ్ళ పాప ఉంది.

మాజీ_సుబేదార్_గుణుపురం
రివాల్వర్. రెండో మాట లేదు. తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కు, తూటాలుండే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. పిస్టల్లో అయితే పైనున్న స్లయిడ్ వెనక్కి లాగాలి, చెడిన తూటా బయటపడాలి, అప్పుడు మళ్ళీ గురి. భయంతో వణికే చేతికి అంత పని సాగదు. నేను 24 ఏళ్ళు ఆయుధాలతో బతికినవాణ్ణి, పుస్తకం చూసి చెప్పడం లేదు. కాన్పూర్ ఫ్యాక్టరీ రివాల్వర్ తీసుకో, ఆరు రౌండ్లు చాలు.

జయపురం_లారీలు
సుబేదార్ గారూ, సైన్యం వేరు, కారు సీటు వేరు. నేను రివాల్వరే కొన్నాను. సిలిండర్ లావుకి చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతుంది. ట్రిగ్గర్ ఎంత బిగువంటే, నొక్కేసరికి గురి పక్కకి పోతుంది. ఇప్పుడైతే పిస్టలే కొంటాను. అశని అనే పిస్టల్లో మ్యాగజైన్‌కి ఎనిమిది తూటాలు, పలచగా ఉంటుంది. రివాల్వరే కావాలంటే 2023లో వచ్చిన ప్రబల్ మోడల్ చూడండి, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. 50 మీటర్ల దాకా గురి అందుతుందట.

మాజీ_సుబేదార్_గుణుపురం
50 మీటర్ల అవతల ఉన్నవాడు నీ డబ్బు లాక్కోలేడు బాబూ. లాక్కునేవాడు కారు అద్దం దగ్గర ఉంటాడు. ఆ దూరం చూసి డబ్బు పోయకు.

మిల్లు_కొండకింద
మీకు లైసెన్సు వచ్చింది, అదృష్టవంతులు. నేను మూడుసార్లు దరఖాస్తు పెట్టాను, మూడుసార్లూ తిప్పి పంపారు. మా జిల్లా పేరు చెప్పను. ప్రాణభయం ఉందని రాస్తే రుజువేదన్నారు. దొంగతనం జరిగిన ఎఫ్ఐఆర్ కాపీ జత చేస్తే, పోయింది వస్తువే కదా అన్నారు. మావోయిస్టు ప్రాంతం, ఇంట్లో తుపాకీ ఉంటే వాళ్ళే ఎత్తుకుపోతారని నోటిమాటగా చెప్పారు. నిజమే కావచ్చు. 2004 ఫిబ్రవరిలో కొరాపుట్‌లో పోలీసుల ఆయుధాగారాన్నే ఊడ్చుకుపోయారు, మర్చిపోలేదు. కానీ ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వాలి కదా! కారణం రాతలో ఉంటేనే పైవాళ్ళకి అప్పీలు పెట్టుకోగలను.

బరంపురం_వకీలు
మిల్లు గారూ, రాతపూర్వకంగా అడగండి, చట్టంలో దానికి దారి ఉంది. ఇక అసలు ప్రశ్నకి, పాతపట్నం దాటడం గురించి, ఎవరూ జవాబు చెప్పలేదు. జీడిపప్పు గారూ, మీ లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అనే గడిలో ఏం రాశారు? ఒడిశా అని మాత్రమే ఉంటే, పలాస రోడ్డు మీద ఆ తుపాకీ మీ దగ్గర ఉండకూడదు. మహేంద్రతనయ వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మిమ్మల్ని వెంటాడింది టెక్కలి దగ్గర. మీకు భయం ఉన్న రోడ్డంతా మీ లైసెన్సు చెల్లని చోటే ఉంది.

మాజీ_సుబేదార్_గుణుపురం
వకీలు గారు భయపెట్టకండి. పదకొండేళ్ళుగా పాతపట్నం సంతకి వెళ్తున్నాను, నడుముకి ఉండగానే. ఒక్కరూ అడగలేదు. మా చుట్టాలు సగం అటే ఉన్నారు. 1936లో గీత గీశారని మా ఊళ్ళు మారిపోతాయా?

బరంపురం_వకీలు
అడగకపోవడం అనుమతి కాదు సార్. మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ మీ మాట నమ్మి ఒక కొత్త మనిషి జైలుకి పోతే మీరు బెయిలు ఇస్తారా?

సిరొంచ_గోదారిఒడ్డు
వకీలు గారి మాట వినండి. నేను అనుభవించాను. మాది సిరొంచ, మహారాష్ట్ర లైసెన్సు. వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. మా పిల్లని ఆ వైపే ఇచ్చాం. మనవరాలి బారసాలకి వెళ్తూ రివాల్వర్ తీసి ఇంట్లో పెట్టడం మర్చిపోయాను. చెక్‌పోస్టులో నేనే చెప్పాను, దాచలేదు. అయినా కేసు పడింది. తుపాకీ 14 నెలలు కోర్టు స్వాధీనంలో ఉంది. బారసాల నాడు వియ్యాలవారి ముందు నేను ఠాణాలో కూర్చున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

మాజీ_సుబేదార్_గుణుపురం
అది నీ దురదృష్టం తమ్ముడూ. ఆయుధం ఒంటి మీద ఉందన్న సంగతే మర్చిపోయేవాడు దాన్ని ఉంచుకోకూడదు.

సిరొంచ_గోదారిఒడ్డు
మర్చిపోయానని ఒప్పుకున్నాను. మీరు పదకొండేళ్ళుగా తెలిసి చేస్తున్నారు. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

టీచరమ్మ_కొరాపుట్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వారు పోయిన నెల కాలం చేశారు. ఆయన రివాల్వర్ బీరువాలో ఉంది. లైసెన్సు ఆయన పేరునే. నేను ఏం చేయాలి?

కాశీనగర్_రైతు
నాకు రివాల్వర్ కావలసింది ఎలుగుల కోసం. తోటలోకి వస్తున్నాయి. పాయింట్ 32 పనిచేస్తుందా?

జయపురం_లారీలు
పనిచేయదు. చిన్న తూటాకి ఎలుగు పడదు, తిరగబడుతుంది. పైగా వన్యప్రాణి చట్టం ఉంది. అటవీ శాఖకి చెప్పండి. నడుముకి పెట్టుకోవడం గురించి నా మాట. రోజంతా వెంట ఉండాలంటే రోజంతా దాని చుట్టూ తిరగాలి. స్కూలు, కాలేజీ ఆవరణలోకి తీసుకెళ్ళకూడదు, జాతరలోకి, ఊరేగింపులోకి వద్దు. లైసెన్సు షరతుల్లోనే ఉంది. పొద్దున్న బాబుని స్కూలు దగ్గర దింపాలి. గేటు దాటి లోపలికి వెళ్ళాలంటే తుపాకీ ఎక్కడ పెట్టను? కారు డ్యాష్‌బోర్డులోనా? ఎవడైనా అద్దం పగలగొడితే? బరంపురం ఠాకురాణి యాత్రకి కుటుంబంతో వెళ్ళినప్పుడూ అదే గొడవ. చివరికి డబ్బు తెచ్చే రోజున మాత్రమే పెట్టుకుంటున్నాను, అదీ ఒడిశా లోపల. బయట ఉన్నంతసేపూ హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో), పూర్తిగా కప్పి. కనబడేలా తిరగడం నిబంధనలకే విరుద్ధం.

గజపతి_నగలు
హోల్‌స్టర్ అంటే గుర్తొచ్చింది. తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి నెలలు నెలలు పెట్టెలో పెట్టకండి. తోలు తేమ పీలుస్తుంది. 2024 ఎన్నికలప్పుడు అలాగే ఠాణాలో డిపాజిట్ చేశాను. తిరిగి తెచ్చుకునేసరికి గొట్టం మీద తుప్పు. తప్పు నాదే, నూనె గుడ్డతో తుడిచి విడిగా ఇవ్వాల్సింది. ఇంకోటి, ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. పాత ధరలు చూసి ఆశపడకండి.

జీడిపప్పు_పర్లాకిమిడి
లైసెన్సు తీసి చూశాను. ఒడిశా అనే ఉంది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. రెండేళ్ళు ఎందుకు తిరిగాను మరి?

బరంపురం_వకీలు
పక్క రాష్ట్రానికి చెల్లుబాటు పొడిగించమని అడగండి. పలాస సరుకు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, ఆ రాత్రి సంగతి మీద ఫిర్యాదు ఉంటే దాని నకలు జత చేయండి. ఇస్తారని హామీ ఇవ్వలేను. వచ్చేవరకు వంతెన ఇవతలే. ఇంకో మాట కూడా వినండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఆత్మరక్షణ సెక్షన్లు. అవసరానికి మించి హాని చేసే హక్కు అక్కడ లేదు. బైకు మీద వెంటపడ్డారని కాల్చలేరు.

మాజీ_సుబేదార్_గుణుపురం
ఏది కొన్నా ముందు కాల్చడం శ్రద్ధగా నేర్చుకో, మొక్కుబడిగా వద్దు. పాప ఉన్న ఇంట్లో తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో.

టీచరమ్మ_కొరాపుట్
నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. రోజూ ఆ బీరువా వైపు చూడాలంటేనే భయంగా ఉంది.

బరంపురం_వకీలు
క్షమించండి అమ్మా. లైసెన్సు ఉన్న మనిషి పోతే అది మీ దగ్గర ఉండే హక్కు పోయినట్టే. దగ్గరి ఠాణాలో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత మీ పిల్లల్లో 21 నిండినవాళ్ళు వారసులుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా అమ్మేయొచ్చు. మరణ ధ్రువపత్రం నకళ్ళు నాలుగు ఉంచుకోండి.

టీచరమ్మ_కొరాపుట్
ధన్యవాదాలు సార్. రేపే సంచిలో పెట్టుకుని వెళ్తాను. లోపల తూటాలు ఉన్నాయనుకుంటాను. తీయడం నాకు రాదు.

మాజీ_సుబేదార్_గుణుపురం
అమ్మా, ముట్టుకోకండి. సంచిలో పెట్టొద్దు, బస్సు ఎక్కొద్దు. బీరువాకి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకుని ఠాణాకి ఫోన్ చేయండి. లోపల తూటాలు ఉన్నాయని ముందే చెప్పండి, వాళ్ళే మనిషిని పంపి ఖాళీ చేసి తీసుకెళ్తారు. అప్పటిదాకా ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి.

టీచరమ్మ_కొరాపుట్
ఇద్దరు వచ్చారు అన్నయ్యా. నాలుగు తూటాలు తీసి బల్ల మీద పెట్టి లెక్కపెట్టి రాసుకున్నారు. నంబరు సరిచూసి రసీదు ఇచ్చారు. ఈ రాత్రి నిద్ర పడుతుంది.