పెళ్లి షాపింగ్‌కి రెండు రోజులు హైదరాబాద్ వస్తున్నాం, ఏది ఎక్కడ కొనాలి?

ఓరుగల్లు_అక్క
మా చెల్లి పెళ్లి వచ్చే నెలలో. గురు, శుక్రవారాలు అమ్మా నేనూ వరంగల్ నుంచి వచ్చి ఉప్పల్‌లో పిన్ని వాళ్లింట్లో దిగుతున్నాం. పెట్టుబడి చీరలు ఒక ముప్పై, సారెకి స్టీలు, ఇత్తడి సామాను, చెల్లికి లక్క గాజులు, జాకెట్లకి మ్యాచింగ్ బట్ట, లేసులు కావాలి. బంగారం ఊళ్లోనే చేయిస్తున్నాం. అన్న పెళ్లప్పుడు తెలియక ఒక్కరోజులో అమీర్‌పేట, కోఠి, చార్మినార్, సికింద్రాబాద్ అన్నీ పెట్టుకున్నాం, సాయంత్రానికి చేతిలో రెండు కవర్లు, రోజంతా ఆటోల్లోనే పోయింది. పైగా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఈసారి అలా కాకుండా చెప్పండి ప్లీజ్.

గుల్జార్‌హౌజ్_పిల్లోడు
అక్కా, గురువారం పాతబస్తీ వైపు పెట్టుకోండి, శుక్రవారం సికింద్రాబాద్. తిప్పి పెట్టుకోవద్దు, శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజ్ ఉంటుంది కాబట్టి చార్మినార్ దగ్గర జనం బాగా ఉంటారు, అమ్మగారితో కష్టం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దిగండి, అక్కడి నుంచి ఆటో. చార్మినార్ దాకా మెట్రో లేదు.

గాజులకి లాడ్ బజారే. చార్మినార్ పక్కనే మొదట కనిపించే షాపుల్లో కొనేయకండి, అక్కడ టూరిస్టుల రేటు చెప్తారు, చౌక్ వైపు లోపలికి నడిచేకొద్దీ బేరం తెగుతుంది. చెల్లి రాకపోతే తన చేతికి సరిపోయే పాత గాజు ఒకటి తెచ్చుకోండి, సైజు రెండు ఆరో రెండు ఎనిమిదో నోటితో చెప్తే లక్క గాజు మందానికి అది సరిపోకపోవచ్చు. కొనే ముందు గాజుని వెలుతురులో తిప్పి రాళ్ల మీద గోరుతో మెల్లగా గీరి చూడండి. వేడి లక్కలో ఒక్కో రాయి అద్దినదైతే కదలదు, జిగురుతో అంటించినదైతే అంచు దగ్గర లేస్తుంది. ఈ గాజులకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, మా బస్తీలో ఇళ్లల్లో ఆడవాళ్లు కూర్చుని చేసే పని ఇది, అందుకని మరీ సగానికి సగం అడగకండి.

మోండా_మార్కెట్_వదిన
మ్యాచింగ్‌కి సికింద్రాబాద్‌లో జనరల్ బజార్. జాకెట్ బట్ట, ఫాల్స్, లేసులు, లైనింగ్ అన్నీ ఆ సందుల్లోనే దొరుకుతాయి. మెట్రోలో పారడైజ్‌లో దిగి ఆటో ఎక్కండి. చీర ఫోటో చూపించి మాత్రం కొనకండి, ఫోన్‌లో ఒక రంగు, ఎండలో ఒక రంగు. చీర చెంగు చేత్తో పట్టుకుని షాపు బయటికి వచ్చి చూడాలి.

పెట్టుబడి చీరల గురించి నా అనుభవం. మా మరిది పెళ్లికి ఒక హోల్‌సేల్ షాపులో ఇరవై చీరలు కట్టగా తీసుకున్నాం, ఇంటికొచ్చి విప్పితే మూడింట్లో లోపలి మడతలో నేత పోగులు తెగి ఉన్నాయి. తిరిగి తీసుకోం అన్నారు, ఎందుకంటే మా దగ్గర ఉన్నది తెల్లకాగితం మీద రాసిన చిట్టీ. చార్మినార్ దగ్గరి మదీనా, ఘాన్సీ బజార్ వైపు ముప్పై చీరలకి మంచి రేటే వస్తుంది, నేను వద్దనను. కానీ ప్రతి చీరా విప్పించండి, వాళ్లు విసుక్కున్నా సరే. జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బులివ్వద్దు.

ఇత్తడి_బిందె
ఇద్దరూ బాగా చెప్పారు గానీ గురువారం చార్మినార్, మదీనా, సామానుకి బేగంబజార్ మూడూ అంటే ఆ మోకాళ్లతో అయ్యే పని కాదు. పొద్దున గాజులు, చీరలు మీరూ మీ పిన్నీ చూసుకోండి. అమ్మగారిని మధ్యాహ్నం నేరుగా బేగంబజార్‌కి రమ్మనండి, సామాను ఎలాగూ ఆవిడే ఎంచాలి. ఇత్తడి కిలోల లెక్కన ఇస్తారు, తూకం మీ ఎదురుగా వేయించుకోండి, మూత, పిడి విడిగా పెట్టి మళ్లీ లెక్క కలుపుతారేమో చూసుకోండి. స్టీలులో కొన్ని తూకానికి, కొన్ని పీస్ లెక్క. గిన్నెల మీద పేర్లు కొట్టించాలంటే పేర్లు, తేదీ కాగితం మీద తెలుగులో స్పష్టంగా రాసి ఇవ్వండి, మా ఇంట్లో ఒక గంగాళం మీద ఇంటిపేరు తప్పు పడి ఇప్పటికీ అలాగే ఉంది. అలసిపోతే మొజంజాహీ మార్కెట్ దగ్గరే, అక్కడ ఐస్‌క్రీమ్ తిని అమ్మగారిని కాసేపు కూర్చోబెట్టండి.

ఓరుగల్లు_అక్క
చాలా థాంక్స్ అందరికీ. అమ్మకి చదివి వినిపించాను, తూకం తనే చూస్తానంటోంది, మధ్యాహ్నం రావడానికి ఒప్పుకుంది. ఒక్కటే టెన్షన్, అంత సామాను మెట్రోలో ఉప్పల్‌కి, అక్కడి నుంచి రైల్లో వరంగల్‌కి ఎలా?

ఇత్తడి_బిందె
ఉప్పల్ దాకా ఎందుకు మోయడం? బేగంబజార్ నుంచి ఎంజీబీఎస్‌కి ఆటోలో వేసి ఆర్టీసీ పార్సిల్ కౌంటర్‌లో బుక్ చేయండి, వరంగల్‌లో తీసుకోవచ్చు. గంగాళం లోపల చిన్న గిన్నెలు పెట్టించి గోనెసంచిలో కుట్టించమనండి, విడి అట్టపెట్టెలు వద్దు.